కారు గతం తెలిశాకే ధర మాట

(బెంగళూరు వైట్‌ఫీల్డ్ ప్రాంతంలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో, ఆదివారం సాయంత్రం తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక మోటారు బీమా సర్వేయర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను లోపలికి వస్తుంటే గేటు దగ్గర ఒక యువకుడు ఆపి, "సార్, రేపు ఉదయం ఒక కారుకు యాభై వేలు అడ్వాన్సు ఇస్తున్నాను. కారు కింద సెల్లార్లోనే ఉంది, ఒక్కసారి చూస్తారా?" అని అడిగారు. అమ్ముతున్నవారు కూడా ఈ సముదాయంలోనే ఉంటారట, చూపించడానికి సంతోషంగా ఒప్పుకున్నారట. తప్పకుండా చూద్దాం. అయితే ముందు మాట్లాడుకుని, తరువాత వెళదాం. ఇప్పుడే వెళ్లి నేను బానెట్ ఎత్తి "బాగుంది" అంటే ఆయన నా మాట మీద కొంటారు. అది నాకు ఇష్టం లేదు. ఏం చూడాలో తెలుసుకుని, తన కళ్లతో తాను చూసి కొనాలి.

బీమా సంస్థల తరఫున దెబ్బతిన్న వాహనాలను పరిశీలించి నష్టం లెక్కకట్టడం నా వృత్తి. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో అదే పని చేస్తున్నాను. ప్రమాదం జరిగిన మర్నాడు కారు ఎలా ఉంటుందో నేను చూస్తాను. మూడు నెలల తరువాత అదే కారు తళతళలాడుతూ అమ్మకానికి నిలబడినప్పుడు మీరు చూస్తారు. ఆ మూడు నెలల్లో దానికి ఏం జరిగిందో మీకు ఎవరూ చెప్పరు. అది ఎలా తెలుసుకోవాలో చెప్పడానికే వచ్చాను.

2022 సెప్టెంబరు మొదటి వారం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బెళ్లందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు నీట మునిగాయి. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ట్రాక్టర్లు ఎక్కారు. ఆ రోజుల్లో నేను ఒక సెల్లార్ తరువాత ఒక సెల్లార్లోకి దిగాను. నీళ్లు తోడేశాక లోపల వరుసగా కార్లు. గోడ మీద ఎంత ఎత్తున బురద గీత ఉందో, కార్ల తలుపుల మీద కూడా అంతే ఎత్తున గీత. కొన్నిటిలో పిల్లల స్కూలు సంచులు నానిపోయి ఉన్నాయి. కొత్త కారు కొని నెల తిరగని ఒక దంపతులు, నేను ఫొటోలు తీస్తున్నంతసేపూ మాట్లాడకుండా నిలబడ్డారు.

అలాంటి కార్లు తరువాత ఏమవుతాయి? బాగుచేయడానికి అయ్యే ఖర్చు, పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే ఆ కారును పూర్తి నష్టం కింద తేలుస్తారు. యజమానికి సొమ్ము ముడుతుంది. మిగిలిన కారును తుక్కు విలువకు ఎవరో కొంటారు. ఇక బాగుపడని వాహనానికి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలని చట్టం చెబుతుంది. కానీ తుక్కుగా కొన్నవాళ్లలో కొందరు దాన్ని ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, సుగంధం చల్లి, మరో ఊళ్లో అమ్మకానికి పెడతారు. చెన్నైలో 2015 డిసెంబరులోనూ, మిచౌంగ్ తుపాను వచ్చిన 2023 డిసెంబరులోనూ ఇలాగే కార్లు మునిగాయి. కారుకు చక్రాలు ఉన్నాయి కదా, మునిగిన ఊళ్లోనే అది అమ్ముడుపోవాలని లేదు.

అందువల్ల మొదట సీటు బెల్టు దగ్గరికి వెళ్లండి. బెల్టును చివరిదాకా లాగండి. మామూలుగా మనం సగమే లాగుతాం, కడిగేవాళ్లు కూడా సగమే కడుగుతారు. లోపల చుట్టుకుని ఉండే చివరి మూరెడు భాగంలో మట్టి చారగానీ, నీటి మరకగానీ ఉంటే ఆ కారు మునిగింది. బెల్టు అడుగున కుట్టిన చిన్న చీటీ మీద తయారీ తేదీ ఉంటుంది. కారు 2018ది అయి బెల్టు 2022ది అయితే, ఎందుకు మార్చారో అడగండి. తరువాత డిక్కీలో చాప ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంతలో వేళ్లు పెట్టి తడమండి. ముందు సీట్లను వెనక్కి జరిపి, వాటి కింది పట్టాల మీద తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి. డ్యాష్‌బోర్డు కింద వైర్లు కలిసే చోట రాగి పచ్చబడి ఉంటే నీళ్లు అక్కడిదాకా వచ్చినట్టే. ఎండాకాలంలో కూడా లోపల సుగంధం ఘాటుగా కొడుతుంటే అద్దాలన్నీ మూసి పది నిమిషాలు లోపల కూర్చోండి. ఆ ఘాటు కింద ఉన్న తడి వాసన అప్పుడు బయటికి వస్తుంది.

దీని గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. మునిగిన కారు వెంటనే ఆగిపోదు. ఎలక్ట్రానిక్ పెట్టెల్లో చేరిన చెమ్మ నెమ్మదిగా తింటూ పోతుంది. ఆరు నెలలకో ఏడాదికో ఒక్కొక్కటిగా పనిచేయడం మానేస్తాయి. వాటిలో ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టె ఒకటి. తాళం తిప్పగానే మీటరు పలకలో ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా భయపడాలి, లోపం కనిపించకుండా ఎవరో ఆ దీపాన్నే తీసేసి ఉండవచ్చు. ధరలో పాతిక వేలు తేడా వస్తే సర్దుకోగలం. ముందు సీట్లో కూర్చునేది మన ఇంటి మనిషి. ఇందులో సర్దుబాటు లేదు.

ఇక గుద్దుకున్న కార్లు. బానెట్, ముందు రెక్కలు బోల్టులతో బిగించి ఉంటాయి. ఫ్యాక్టరీలో బిగించాకే రంగు పడుతుంది కాబట్టి ఆ బోల్టుల తలల మీద రంగు చెదరకుండా ఉండాలి. అంచుల్లో రంగు లేచిపోయి ఉంటే పానా పడింది, అంటే ఎవరో వాటిని విప్పారు. అది పెద్ద తప్పేమీ కాదు, ఈ ఊరి ట్రాఫిక్‌లో చిన్న టింకరింగ్ పడని కారు అరుదు. చూడాల్సింది లోపల. రేడియేటర్‌ను పట్టుకుని ఉండే అడ్డపట్టీ, చక్రాల పైన ఉండే ఉక్కు గోడలు, డిక్కీ నేల సాఫీగా ఉన్నాయా, వెల్డింగు చుక్కలు సమానమైన దూరంలో గుండ్రంగా ఉన్నాయా అని చూడండి. యంత్రం వేసిన చుక్కలకూ, చేత్తో వేసిన అతుకుకూ తేడా ఒకసారి చూస్తే ఇక మరిచిపోరు. రంగు మందం కొలిచే చిన్న పరికరం కూడా దొరుకుతుంది. ఫ్యాక్టరీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక తలుపు దగ్గర హఠాత్తుగా 400 చూపిస్తే దాని కింద పుట్టీ ఉంది.

కంటికి కనిపించేది ఇంతవరకు. కారు చరిత్ర ఒకచోట రాసి ఉండదు. ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లు, ఒకరికి తెలియకుండా ఒకరు రాసుకున్న ముక్కలుగా ఉంటుంది. రవాణా శాఖ ఒక ముక్క రాసుకుంది. బీమా సంస్థ మరొకటి, సర్వీసు కేంద్రం ఇంకొకటి, టైరు తయారు చేసినవారు ఇంకొకటి. అబద్ధం చెప్పేవాడు వీటన్నిటినీ మార్చలేడు. ఏదో ఒకటి మరిచిపోతాడు. ఈ ముక్కలను పక్కపక్కన పెట్టి, ఒకటే కథ చెబుతున్నాయా అని చూడడమే మీ పని.

రవాణా శాఖ యాప్ ఎం-పరివాహన్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, బీమా, కాలుష్య పత్రం గడువులు, బ్యాంకు అప్పు ఉందా లేదా తెలుస్తాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కర్ణాటక నంబరు కారైతే అమ్మేవారిని ఆర్టీఓ నుంచి బి-ఎక్స్‌ట్రాక్ట్ తీయించి ఇవ్వమనండి. ఆ వాహనం గురించి ఆఫీసు రిజిస్టరులో ఉన్న వివరాల నకలు అది. యజమానులు ఎవరెవరు మారారు, అప్పు ఎప్పుడు నమోదైంది, ఎప్పుడు తీరింది, మొదట టాక్సీగా తిరిగి తరువాత సొంత వాడకపు తెల్ల బోర్డుకు మారిందా అన్నవి అందులో బయటపడతాయి. "ఒకే చేతి బండి సార్" అని చెప్పిన మాటను ఆ కాగితంతో పోల్చుకోండి. చాసిస్ నంబరు 17 అక్షరాలూ కారు మీద స్వయంగా చదివి, ఆర్‌సీతో సరిపోల్చండి. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకుంటే ఇంకా మంచిది. అంకెల చుట్టూ గీకిన గుర్తులు కనిపిస్తే ఇక ధర గురించి మాట్లాడకండి, లేచి వచ్చేయండి.

బీమా పాలసీలో అందరూ గడువు తేదీ చూస్తారు. నేను ముందు చూసేది నో క్లెయిమ్ బోనస్ శాతం, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 వస్తుంది. ఆరేళ్ల కారు, మొదటి యజమాని దగ్గరే ఉంది, "గీత కూడా పడలేదు" అంటున్నారు. పాలసీలో బోనస్ సున్నా. అంటే ఏమిటి? అంతకు ముందటి ఏడాది క్లెయిమ్ చేసి ఉండవచ్చు, లేదా మధ్యలో పాలసీ తెగిపోయి ఉండవచ్చు. సున్నాను నేరంగా చూడనక్కరలేదు, అడగాల్సిన ప్రశ్నగా చూడండి. యజమాని తన బీమా సంస్థకు రాసి క్లెయిముల వివరాలు తెప్పించగలరు. దాచడానికి ఏమీ లేనివారు అది తెప్పించి ఇస్తారు. అన్నట్టు, ఆ బోనస్ మనిషికి చెందినది, కారుతో పాటు మీకు రాదు.

మీటరు తిప్పడం మనవాళ్లందరికీ తెలిసిన మోసమే. అయినా ఇంకా జరుగుతోంది, ఎందుకంటే కొనేవారు మీటరునే చూస్తారు. అధీకృత సర్వీసు కేంద్రంలో ప్రతి సర్వీసుకూ తేదీ, కిలోమీటర్లు రాస్తారు. యజమానిని వెంటబెట్టుకుని వెళ్లి ఆ చిట్టా అడగండి. 2021లో 61,000 ఉన్న కారు ఈ రోజు 48,000 చూపించలేదు కదా. చిట్టా దొరకకపోతే టైర్లను అడగండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం ఇరవై మూడో వారం. కారు తిరిగింది ముప్పై వేలే అంటూ, నాలుగు టైర్లూ కారుకన్నా మూడేళ్లు చిన్నవైతే, మొదటి టైర్లు అంత త్వరగా ఎలా అరిగాయి? క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగు మీది తోలు, డ్రైవరు సీటు అంచు కూడా తమ వయసు తాము చెబుతాయి.

ఇప్పుడు బేరం. మనలో చాలామందికి బేరమంటే గట్టిగా మాట్లాడడం, కారును తక్కువ చేయడం, లేచి వెళ్లిపోతున్నట్టు నటించడం. దయచేసి అలా చేయకండి. అమ్మేవారికి ఆ కారుతో ఒక బంధం ఉంటుంది. బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న కారు అయి ఉండవచ్చు. దాన్ని "డబ్బా" అంటే ఆ మనిషి మనసు మూసుకుపోతుంది, ఆపైన ఆయన ఒక్క రూపాయి దిగరు, ఒక్క నిజమూ చెప్పరు.

గత నెల మా బంధువుల అమ్మాయి, ఆమె భర్త ఒక 2018 పెట్రోలు కారు చూశారు. అడిగిన ధర 5,20,000. కారు గతం శుభ్రంగా ఉంది. ఆ అమ్మాయి ఒక తెల్ల కాగితం మీద రాసింది: నాలుగు టైర్లు 24,000, క్లచ్ 12,000, రెండో తాళం లేదు కాబట్టి 9,000, నెలలో ముగిసే బీమా 14,000. మొత్తం 59,000. కాగితాన్ని ఆయన ముందు పెట్టి, "అంకుల్, మీరు కారును బాగా చూసుకున్నారు, మాకు నచ్చింది. ఇంటికి తీసుకెళ్లిన మొదటి నెలలోనే మాకు అయ్యే ఖర్చు ఇది. 4,55,000 ఇవ్వగలం" అని చెప్పి ఊరుకుంది. ఆయన కాగితం చాలాసేపు చూశారు. టైర్లు ఇంకొన్ని నెలలు వస్తాయన్నారు, నిజమే, ఆ అమ్మాయి ఒప్పుకుంది. 4,68,000కు కుదిరింది. ఎవరూ గొంతు పెంచలేదు. ఆ అంకెల్లో ఒక్కటి కూడా ఊహించి రాసింది కాదు, ప్రతిదానికీ షెడ్డులోనో దుకాణంలోనో ముందే ధర కనుక్కుంది.

పెండింగు చలానాలు ఆ కాగితంలో లేవని గమనించారా? అవి బేరానికి రావు. కెమెరాలు రాసిన జరిమానాలన్నీ వాహనం నంబరు మీదే పేరుకుంటాయి. వాటిని అమ్మేవారే కట్టి రసీదు చూపించాలి. అలాగే కాగితాలు ఒకదానితో ఒకటి పొసగని కారును "ఇంకో యాభై వేలు తగ్గిస్తే తీసుకుందాం" అనుకోకండి. అరిగిన వస్తువుకు ధర తగ్గుతుంది. అబద్ధానికి సరైన ధర లేదు, ఎందుకంటే దాని కింద ఇంకా ఏముందో మీకు తెలియదు.

అడ్వాన్సు యాభై వేలు వద్దండి. ఐదు వేలు చాలు, అదీ బ్యాంకు ద్వారా. బి-ఎక్స్‌ట్రాక్ట్‌లో గానీ, మెకానిక్ పరీక్షలో గానీ తేడా వస్తే తిరిగి ఇస్తామని ఒక చీటీ రాయించుకోండి. కారు మీద అప్పు ఉంటే మిగిలిన సొమ్మును యజమాని చేతికి ఇవ్వకండి. ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి అప్పు ఖాతాలోనే కట్టి, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో అప్పు నమోదు తీసేయించే ఫారం 35 తీసుకోండి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని పెద్దలు ఊరికే అనలేదు. మొత్తం డబ్బు అందాక సంతకాల కోసం ఫోను చేస్తే ఎత్తేవాళ్లు తక్కువ. పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 సంతకాలు డబ్బుతో పాటే జరగాలి.

అమ్మేవాళ్లు కూడా ఈ సభలో ఉన్నారు, మీకొక మాట. మా చిన్నాన్న కొడుకు తన కారును ఒక మధ్యవర్తికి అమ్మి, ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చాడు. మూడేళ్ల తరువాత వేరే జిల్లా పోలీసులు ఇంటికి వచ్చారు. ఆ కారు ఒక మనిషిని గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. రికార్డులో యజమాని ఇంకా వీడే. ఎన్ని వాయిదాలకు తిరిగాడో నేను కళ్లారా చూశాను. కారు చేతులు మారినా, రిజిస్టరులో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి. బీమాను పేరు మార్పించుకోవడానికి కొన్నవారికి 14 రోజులు. మార్పించుకోకపోతే ఎదుటివారికి జరిగే నష్టానికి రక్షణ ఉంటుంది గానీ మీ కారుకు జరిగే నష్టానికి సొమ్ము రాదు. ఈ ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించాలని నేను నివేదిక రాయాల్సి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఆ రాతలు రాసిన రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. ఫాస్టాగ్‌ను కూడా అదే రోజు మూయించండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక మహిళ: మా అన్నయ్య అనంతపురంలో తన కారు నాకు ఇస్తానంటున్నాడు. ఇక్కడికన్నా చవక. తెచ్చుకోవచ్చా?)

తెచ్చుకోవచ్చమ్మా, గతం తెలిసిన కారు కన్నా మంచిది ఏముంది. కానీ చవక అన్న మాటను ఇంకోసారి లెక్క వేయండి. వేరే రాష్ట్రపు వాహనాన్ని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు వేయించాలి. అందుకు అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, కర్ణాటక జీవితకాల పన్ను కట్టాలి. కార్ల మీద ఈ పన్ను దేశంలోనే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి. కారు వయసును బట్టి తగ్గుతుంది గానీ, తగ్గిన తరువాత కూడా చిన్న మొత్తం కాదు. కె.ఆర్.పురం ఆర్టీఓలో మీ కారు మోడల్, సంవత్సరం చెప్పి ఎంత అవుతుందో ముందే కనుక్కోండి. ఆ మొత్తాన్ని మీ అన్నయ్య చెప్పిన ధరకు కలిపి, అప్పుడు ఇక్కడి కారుతో పోల్చండి. అక్కడ కట్టిన పన్నులో కొంత వెనక్కి వస్తుందని ఎవరైనా చెబితే, వచ్చినప్పుడు సంతోషిద్దాం, లెక్కలో వేసుకోవద్దు.

(ఒక పెద్దాయన: పెద్ద దుకాణాల్లో కొంటే ఈ తంటా ఉండదు కదా? జీఎస్టీ కూడా అడుగుతున్నారు.)

తంటా తగ్గుతుంది, పోదు. పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలనే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆ పత్రం చూపించమనండి. వాళ్ల తనిఖీ నివేదిక మంచిదే, కానీ సీటు బెల్టు మీరే లాగండి. జీఎస్టీ సంగతి: 2025 జనవరి నుంచి పాత కార్ల మీద 18 శాతం. అది డీలరుకు మిగిలే లాభం మీదే తప్ప కారు మొత్తం ధర మీద కాదు. నాలుగు లక్షల కారుకు 72,000 జీఎస్టీ అని బిల్లు వేస్తే ఒప్పుకోకండి. ఇద్దరు మామూలు వ్యక్తుల మధ్య అమ్మకానికైతే ఆ పన్నే లేదు.

మిగతా ప్రశ్నలు కిందికి నడుస్తూ మాట్లాడుకుందాం. ఆ కారు ఉదయం నుంచి కదలలేదని యజమాని చెప్పారు, మనకు అదే కావాలి. చల్లగా ఉన్న ఇంజను మొదటిసారి అంటుకున్నప్పుడు వచ్చే పొగ నిజం చెబుతుంది. నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది, తెల్లటి పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. బాబూ, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో మీరే చూడండి. తాళం మీరే తిప్పండి, ఎయిర్‌బ్యాగు దీపం మీద కన్ను ఉంచండి. నేను వెనక పొగగొట్టం దగ్గర నిలబడతాను.